ఎకనామిక్స్ ఫస్టియర్‌లో స్టాటిస్టిక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకున్నవాళ్ళు స్టాటిస్టిక్స్ పేపర్ చూసి అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు ఇవే. క్లాసులో అడగడానికి మొహమాటపడి, బెల్లు కొట్టాక కారిడార్లో ఆపి అడిగేవి కూడా ఇందులో కలిపాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్ని బాగా సాగాయి, సాగినవి నిజంగానే తికమక పెట్టేవి.

ఇంటర్లో హెచ్‌ఈసీ చదివాను. లెక్కలు వదిలేసి రెండేళ్ళయింది. గట్టెక్కుతానా?

గట్టెక్కుతారు. మొదటి సంవత్సరానికి శాతాలు, భిన్నాలు, వర్గమూలం, సరళరేఖ సమీకరణం వస్తే చాలు, వీటికి తోడు సిగ్మా గుర్తు. ఆ సిగ్మాని చూసే సగం మంది బెదిరిపోతారు. అది "వీటన్నిటినీ కూడు" అని చెప్పే గుర్తు, దాన్లో అంతకుమించి ఏమీ లేదు. ఇక ఎంపీసీ నుంచి వచ్చినవాళ్ళకి ఇది నల్లేరు మీద నడక అని మీరు దిగులుపడకండి. వాళ్ళు లెక్క ఠక్కున చేసేస్తారు గానీ, వచ్చిన సంఖ్య ఎవరి గురించి, ఏం చెబుతోంది అంటే తడుముకుంటారు. మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే.

అసలు ఎకనామిక్స్‌కి ఈ లెక్కల గోల ఎందుకు?

ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుందని మైక్రో పుస్తకం చెబుతుంది. ఎంత పెరిగితే ఎంత తగ్గుతుందో చెప్పదు. అది తెలియకుండా పన్ను వేయలేం, సబ్సిడీ ఇవ్వలేం. పైగా కెమిస్ట్రీ వాళ్ళలా మనకి ల్యాబ్ ఉండదు, దేశం మొత్తాన్నీ రెండు గాజు గొట్టాల్లో పోసి ఒకదానికి వడ్డీ రేటు పెంచి రెండోదానికి తగ్గించి చూడలేం కదా. జరిగినదాన్ని లెక్కపెట్టి, అందులోంచి కారణాన్ని బయటికి లాగాలి. అందుకే ఈ పేపర్.

సగటు, మధ్యగతం, బాహుళకం మూడూ ఎందుకు? ఒక్కటి సరిపోదా?

ఒక వీధిలో ఏడు ఇళ్ళున్నాయి అనుకోండి. నెల ఆదాయాలు వేలల్లో వరసగా 12, 14, 15, 16, 18, 20, 150. మొత్తం 245, ఏడుతో భాగిస్తే సగటు 35 వేలు. ఇప్పుడు ఆ వీధిలో నిలబడి "ఇక్కడ ఇంటికి 35 వేలు వస్తాయి" అని చెప్పి చూడండి, ఏడింటిలో ఆరు ఇళ్ళవాళ్ళు మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. అంత వచ్చే ఇల్లు ఒక్కటీ లేదు. ఆరు ఇళ్ళు దానికి చాలా కింద, ఒకటి చాలా పైన. మధ్యలో ఉన్న నాలుగో ఇంటి ఆదాయం, అంటే మధ్యగతం, 16 వేలు. ఆ పెద్ద ఇంటి ఆదాయం 150 నుంచి 500 అయినా మధ్యగతం కదలదు, సగటు మాత్రం 85 వేలకి ఎగబాకుతుంది.

కాబట్టి ఆదాయం, భూమి, ఆస్తి, ఇంటి అద్దె లాంటి, ఒక పక్కకి తోక సాగిన వాటికి మధ్యగతం చూడండి. మొత్తం ఎంతో తెలియాల్సినప్పుడు సగటే కావాలి: ఎకరానికి సగటు దిగుబడి తెలిస్తే ఎకరాలతో హెచ్చించి జిల్లా మొత్తం పంట చెప్పొచ్చు, మధ్యగతంతో ఆ పని కుదరదు. బాహుళకం, అంటే అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే విలువ, చెప్పుల షాపువాడికి పనికొస్తుంది, ఏ సైజు ఎక్కువ తెప్పించాలో చెబుతుంది. పరీక్షలో వర్గాంతర సూత్రంతో అడుగుతారు కాబట్టి నేర్చుకోండి. ఆర్థికశాస్త్రంలో దానితో పని తక్కువ.

పేపర్లో తలసరి ఆదాయం అని చూస్తారే, అది కూడా సగటే. తెలంగాణ జిల్లాల్లో తలసరి ఆదాయం పట్టికలో రంగారెడ్డి జిల్లా పైన ఉంటుంది. అక్కడ ఐటీ కంపెనీలున్నాయి, వాటి ఉత్పత్తి విలువ ఆ జిల్లా ఖాతాలో పడుతుంది, దాన్ని జిల్లా జనాభాతో భాగిస్తారు. ఆ డబ్బులో కొంత వేరే జిల్లాలో ఉండే ఉద్యోగికి జీతంగా పోతుంది, కొంత ఎక్కడో ఉన్న వాటాదారుకి లాభంగా పోతుంది. అదే జిల్లాలో మారుమూల మండలంలో కూలికి వెళ్ళే మనిషి చేతికి అంత వస్తోందని దాని అర్థం కాదు. తలసరి అనే మాట కనిపించగానే "పైన ఏం పెట్టారు, కింద ఏం పెట్టారు" అని అడిగే అలవాటు చేసుకోండి.

ప్రామాణిక విచలనంలో వర్గం చేసి, మళ్ళీ వర్గమూలం తీయడం దేనికి? డొంకతిరుగుడు కదా?

ఒకాయన రోజుకి ఖచ్చితంగా 600 కూలి తీసుకుంటాడు. ఇంకొకాయన తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతాడు, అయిదు రోజుల సంపాదన 200, 400, 600, 800, 1000. ఇద్దరి సగటూ 600. కానీ ఇద్దరి బతుకూ ఒకటి కాదని ఎవరైనా చెబుతారు. రెండో ఆయనకి 200 వచ్చిన రోజు చిట్టీ కట్టాల్సి వస్తే అప్పు చేయాలి. ఆ తేడాని సంఖ్యలో పెట్టడానికే విచలనం.

సగటు నుంచి తేడాలు: -400, -200, 0, 200, 400. ఊరికే కూడితే సున్నా. ఎప్పుడూ సున్నానే, సగటు అనేదే అలా నిర్మించిన సంఖ్య. మైనస్ గుర్తు పోగొట్టడానికి వర్గం చేస్తాం. 1,60,000 + 40,000 + 0 + 40,000 + 1,60,000 = 4,00,000. అయిదుతో భాగిస్తే 80,000, ఇది విస్తృతి. కానీ ఇది "రూపాయల వర్గం" అనే అర్థంలేని కొలతలో ఉంది, అందుకని వర్గమూలం తీసి మళ్ళీ రూపాయల్లోకి వస్తాం: దాదాపు 283. మైనస్‌లు వదిలేసి నేరుగా సగటు తీసుకోవచ్చు కదా అంటే తీసుకోవచ్చు, దాన్ని మాధ్య విచలనం అంటారు, ఇక్కడ 240 వస్తుంది. తప్పేం లేదు. కాకపోతే వర్గాలతో చేసినదానికి బీజగణితం సాఫీగా నడుస్తుంది, మీరు తర్వాత చదివే ప్రతిగమనం, పరికల్పన పరీక్షలు అన్నీ దాని మీదే కట్టారు.

283ని 600తో భాగించి వందతో హెచ్చిస్తే 47 శాతం, అది విచలన గుణకం. టీ కొట్టు ఆదాయాన్నీ బంగారం షాపు ఆదాయాన్నీ పోల్చాలంటే రూపాయల్లో విచలనం పనికిరాదు, ఈ గుణకమే కావాలి.

కొన్ని పుస్తకాల్లో ఎన్‌తో భాగిస్తారు, కొన్నిటిలో ఎన్-1తో. ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే, సందర్భం వేరు. మీ దగ్గర ఉన్నది మొత్తం లెక్క అయితే (ఆ బండి ఆయన ఆ అయిదు రోజులే బండి నడిపాడు, మనకి ఆ అయిదే కావాలి) ఎన్. అది పెద్ద సమూహంలోంచి తీసిన శాంపిల్ అయితే (ఏడాదిలో ఏవో అయిదు రోజులు) ఎన్-1. మన ఉదాహరణలో 4,00,000ని నాలుగుతో భాగిస్తే లక్ష, వర్గమూలం 316.

ఎందుకు? శాంపిల్‌కి నిజమైన సగటు మనకి తెలియదు కాబట్టి శాంపిల్ సగటునే వాడతాం. అది ఆ అయిదు సంఖ్యల మధ్యనే కూర్చుంటుంది, అందుకని తేడాలు ఉన్నదానికంటే కొంచెం చిన్నగా కనబడతాయి. ఇంకోలా చెప్పాలంటే తేడాల మొత్తం సున్నా అని ముందే తెలుసు కాబట్టి నాలుగు తేడాలు చెబితే అయిదోది దానంతటదే వచ్చేస్తుంది, స్వేచ్ఛగా ఉన్నవి నాలుగే. ఆ తక్కువని సరిచేయడానికే ఒకటి తగ్గించి భాగిస్తాం. శాంపిల్‌లో వెయ్యి ఉంటే వెయ్యికీ 999కీ తేడా ఏముంది, పట్టించుకోకండి. పరీక్షలో మాత్రం ప్రశ్నలో "శాంపిల్" అనో "ప్రతిరూపం" అనో ఉందేమో చూడండి.

రెపో రేటు 0.25 శాతం తగ్గింది అని రాస్తే లెక్చరర్ కొట్టేశారు. ఎందుకు?

2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటుని (బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీని) 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గించింది. తగ్గింది 0.25 శాతం పాయింట్లు, లేదా 25 బేసిస్ పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 0.25ని 6.50తో భాగించాలి, దాదాపు 3.8 శాతం తగ్గుదల. టీవీల్లో ఈ రెండిటినీ రోజూ కలిపేస్తారు. మీరు కలపకండి.

ఇదే కుటుంబానికి చెందిన ఇంకో తప్పు: ఒక షేరు ఒక ఏడాది 50 శాతం పడి, మరుసటి ఏడాది 50 శాతం పెరిగితే "సగటున సున్నా" అనడం. వంద యాభై అవుతుంది, యాభై మీద యాభై శాతం పెరిగితే 75. పాతిక రూపాయలు గోవిందా. వృద్ధి రేట్లకి గుణమధ్యమం (విలువల్ని కూడకుండా హెచ్చించి, ఎన్ని ఉంటే అన్నో మూలం తీసే సగటు) వాడమనేది ఇందుకే.

ద్రవ్యోల్బణం నాలుగు శాతం అంటారు, మా ఇంటి ఖర్చు చూస్తే ఇరవై శాతం పెరిగింది. ఆ లెక్కలు అబద్ధమా?

అబద్ధం కాకపోవచ్చు, మీ బుట్ట వేరు అయ్యుండొచ్చు. దీన్ని చేత్తో చేసి చూస్తేనే అర్థమవుతుంది.

ఒక స్టూడెంట్ నెల బుట్ట, ఆధార సంవత్సరంలో (అంటే పోల్చడానికి మొదలుగా పెట్టుకున్న ఏడాదిలో): బియ్యం 10 కిలోలు కిలో 40 చొప్పున 400, టమాటా 5 కిలోలు కిలో 20 చొప్పున 100, బస్ పాస్ 500. మొత్తం వెయ్యి. ఇప్పుడు బియ్యం 50, టమాటా 40, పాస్ మారలేదు. పాత ధర ఒక్కోటీ వంద అనుకుని విడివిడిగా చూస్తే ధరలు 125, 200, 100కి చేరాయి. ఈ మూడిటికీ ఊరికే సగటు తీస్తే దాదాపు 142, అంటే 42 శాతం పెరిగినట్టు. కానీ టమాటా మీద పెట్టేది బుట్టలో పదో వంతే కదా. అదే పాత బుట్టని ఇప్పటి ధరలకి కొంటే 500 + 200 + 500 = 1200. సూచీ 120. ఇది లాస్పియర్ పద్ధతి, 1871 నాటిది.

అయితే టమాటా రెట్టింపయితే ఎవరూ అదే అయిదు కిలోలు కొనరు, చింతపండుతో సరిపెట్టుకుంటారు. ఇప్పుడు మూడు కిలోలే కొంటున్నాడు అనుకోండి. ఇప్పటి బుట్ట ఇప్పటి ధరలకి 1120, పాత ధరలకి 960. భాగిస్తే 116.7. ఇది పాషే పద్ధతి, 1874. మొదటిది పెరుగుదలని ఎక్కువ చేసి చూపే అవకాశం ఉంది, రెండోది తక్కువ చేసి. రెండిటి గుణమధ్యమం ఫిషర్ సూచీ, 118.3. పరీక్షకి మూడూ రావాలి. నిజజీవితంలో ప్రభుత్వాలు ఎక్కువగా లాస్పియర్ తరహానే వాడతాయి, ఎందుకంటే జనం ఏం కొంటున్నారో ప్రతి నెలా సర్వే చేయడం అయ్యే పని కాదు. బుట్టని ఒకసారి నిర్ణయించి ధరలు మాత్రం నెలనెలా సేకరిస్తారు.

మన సీపీఐలో (వినియోగదారుల ధరల సూచీ) 2012 ఆధార సంవత్సరంగా ఉన్న సిరీస్‌లో ఆహారం, పానీయాల భారం 45.86 శాతం ఉండేది. హాస్టల్ ఫీజు, కోచింగ్, డేటా ప్యాక్ మీద ఎక్కువ ఖర్చు పెట్టే మీ బుట్టకీ దానికీ పొంతన కుదరదు. ఒక కూలి కుటుంబంలో తిండి ఖర్చు ఇంకా ఎక్కువ ఉంటుంది, వాళ్ళకి కూరగాయల ధర పెరిగితే తగిలే దెబ్బ సూచీలో కనబడేదానికంటే పెద్దది.

ద్రవ్యోల్బణం తగ్గింది అన్నారు, ధరలు తగ్గలేదే?

ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు పెరిగే వేగం తగ్గడం. వంద నూటపది అయి, తర్వాత నూటపన్నెండు అయితే ద్రవ్యోల్బణం పది నుంచి రెండు శాతం లోపుకి పడింది, ధర మాత్రం పెరుగుతూనే ఉంది.

దీన్లోనే ఇంకో మెలిక. 2023 జులైలో టమాటా చుక్కలు చూపించింది, మదనపల్లె మార్కెట్ రోజూ వార్తల్లో ఉండేది. ఆ నెల సీపీఐ ద్రవ్యోల్బణం 7.44 శాతం. మరుసటి ఏడాది జులైలో అది నాలుగు శాతం లోపుకి వచ్చింది. అందులో కొంత నిజంగా ధరలు శాంతించడం, కొంత పోల్చే నెలే బాగా ఎత్తుగా ఉండటం. దీన్ని బేస్ ఎఫెక్ట్ అంటారు. "ఎంత పెరిగింది" అని విన్నప్పుడు "దేనితో పోలిస్తే" అని అడగాలి.

140 కోట్ల మంది దేశంలో రెండు మూడు లక్షల ఇళ్ళు తిరిగి లెక్క చెబితే ఎలా నమ్మాలి?

ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. ముందు చిన్న లెక్క. వెయ్యి మందిని యాదృచ్ఛికంగా ఎంచి అవునా కాదా అని అడిగితే, జవాబులో పొరపాటు హద్దు దాదాపు మూడు శాతం పాయింట్లు అటూ ఇటూ. నాలుగు వేల మందిని అడిగితే ఒకటిన్నర. ఆ సూత్రంలో దేశ జనాభా ఎక్కడా లేదు, చూసుకోండి. శాంపిల్ సైజు ఉంది, అది కూడా వర్గమూలం కింద, అందుకే పొరపాటుని సగం చేయాలంటే నాలుగు రెట్లు ఎక్కువ మందిని అడగాలి. నేపాల్‌కైనా ఇండియాకైనా వెయ్యి మంది శాంపిల్ ఇచ్చే ఖచ్చితత్వం ఒకటే.

కాబట్టి అసలు గొడవ ఎంతమందిని అడిగారు అనే దాంట్లో కంటే ఎలా ఎంచారు అనే దాంట్లో ఉంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రికకి ఇరవై లక్షలకి పైగా జవాబులొచ్చాయి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఫోన్ పుస్తకాల నుంచీ కారు రిజిస్ట్రేషన్ల నుంచీ పేర్లు తీసుకున్నారు, ఆ మాంద్యంలో ఫోనూ కారూ ఉన్నవాళ్ళు ఎలాంటివాళ్ళో మీకే తెలుసు. పైగా తిరిగి పోస్ట్ చేసేంత పట్టింపు ఉన్నవాళ్ళే జవాబిచ్చారు.

యాదృచ్ఛికంగా ఎంచడం అంటే కళ్ళు మూసుకుని ఎవరో ఒకరిని పట్టుకోవడం కాదు. మన ఊళ్ళలోనే చక్కటి ఉదాహరణ ఉంది, పంట కోత ప్రయోగం. వరి దిగుబడి అంచనా వేయడానికి ఊళ్ళో పొలాలన్నీ కొలవరు. సర్వే నంబర్లలోంచి కొన్నిటిని యాదృచ్ఛికంగా తీస్తారు. ఆ పొలానికి వెళ్ళి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, ముందే పట్టికలోంచి తీసుకున్న యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం పొడవు వెంట ఇన్ని అడుగులు, వెడల్పు వెంట ఇన్ని అడుగులు నడుస్తారు. ఎక్కడ ఆగితే అక్కడ మేకు పాతి, తాడు లాగి, అయిదు మీటర్ల పొడవు అయిదు మీటర్ల వెడల్పు చదరం గీస్తారు. అందులో ఉన్న పంట మాత్రమే కోసి, నూర్చి, తూకం వేస్తారు. గట్టు మీద నిలబడ్డ రైతు "అక్కడ దోమపోటు తగిలింది సార్, ఇటు బాగుంది, ఇక్కడ కొలవండి" అనొచ్చు. బీమా పరిహారం ఆశించే సంవత్సరమైతే వేలు అటువైపు చూపొచ్చు. రెండూ వినకూడదు. ఆ అడుగుల లెక్క ఉన్నదే ఎవరి వేలూ ఎటూ చూపకుండా.

ఆ చదరం 25 చదరపు మీటర్లు. హెక్టారుకి పది వేల చదరపు మీటర్లు కాబట్టి తూకాన్ని 400తో హెచ్చించాలి. 12 కిలోలు తూగితే హెక్టారుకి 48 క్వింటాళ్ళు, ఎకరానికి దాదాపు 19 క్వింటాళ్ళ 40 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు 26. ఇప్పుడు మేకు కొంచెం అటు పాతి తూకంలో అర కిలో తేడా వచ్చిందనుకోండి, ఎకరానికి 80 కిలోలు, బస్తా పైన లెక్క తప్పుతుంది. ఆ ఒక్క పొలంలో మేకు అటూ ఇటూ పడితే వచ్చేది యాదృచ్ఛిక దోషం, ఊరంతా అలాంటి పొలాలు చాలా తీస్తే ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. ప్రతిచోటా బాగున్న వైపే మేకు పాతితే వచ్చేది పక్షపాతం, ఎన్ని పొలాలు కలిపినా అది పోదు. సిలబస్‌లో శాంప్లింగ్ దోషం, శాంప్లింగేతర దోషం అని రెండు పేజీలు ఉంటాయి, అవి చదివేటప్పుడు ఈ మేకుని గుర్తుపెట్టుకోండి.

పంట దిగుబడిని ఇలా శాంపిల్‌తో కొలవొచ్చని బెంగాల్ జనపనార పొలాల్లో చేసి చూపించిన గణాంకవేత్త మహలనోబిస్, 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలవడం వెనకా ఆయనే. ఆయన పుట్టినరోజు జూన్ 29ని గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.

ఇందులో మన తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా?

సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి కలకత్తా వెళ్ళారు. 1945లో, పాతికేళ్ళ వయసులో రాసిన వ్యాసంలో వచ్చిందే క్రామర్-రావు హద్దు: పక్షపాతం లేని అంచనా పద్ధతి ఎంత తెలివైనదైనా దాని విస్తృతి ఒక హద్దు కంటే కిందికి దిగదు అని. ఫస్టియర్‌లో రాదు, ఎంఏలో తప్పకుండా వస్తుంది. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో పోయారు.

నిరుద్యోగం మూడు శాతమే అంటారు. మా ఊళ్ళో డిగ్రీ చదివినవాళ్ళు సగం మంది ఖాళీ. ఇదెక్కడి లెక్క?

ఇక్కడ కింద ఏం పెట్టారో చూడాలి. నిరుద్యోగిత రేటుకి హారం జనాభా కాదు, శ్రామిక శక్తి. అంటే పని చేస్తున్నవాళ్ళు, పని కోసం చూస్తున్నవాళ్ళు, అంతే.

వంద మంది పెద్దవాళ్ళలో 55 మంది పని చేస్తున్నారు, 5 మంది వెతుక్కుంటున్నారు, 40 మంది రెండూ కాదు. రేటు 5 బై 60, అంటే 8.3 శాతం. వెతుక్కునే అయిదుగురిలో ఇద్దరు విసిగిపోయి ఇంట్లో కూర్చున్నారు. ఇప్పుడు 3 బై 58, అంటే 5.2 శాతం. ఒక్కరికీ ఉద్యోగం రాలేదు, నిరుద్యోగం మాత్రం మూడు పాయింట్లు తగ్గిపోయింది. ఇందులో మోసమేమీ లేదు, నిర్వచనమే అది. అందుకే ఆ రేటు పక్కన శ్రామిక శక్తి భాగస్వామ్య రేటు, అంటే మొత్తం పెద్దవాళ్ళలో శ్రామిక శక్తి ఎంత శాతమో, అది కూడా చూడాలి.

మరి అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్న మీ అన్నయ్య ఏ ఖాతాలో పడతాడు? చదువుకుంటున్నాను, ఇప్పుడు పని దొరికినా చేయను అని సర్వేలో చెబితే ఆయన నిరుద్యోగి కాదు, శ్రామిక శక్తి బయట ఉన్నట్టు. పండగకి వచ్చి పొలంలో రెండు రోజులు సాయం చేస్తే? వారపు స్థితి లెక్కలో గడిచిన ఏడు రోజుల్లో ఒక్క రోజు ఒక్క గంట పని చేసినా పనిలో ఉన్నట్టే. జీతం లేకుండా ఇంటి పొలంలోనో కొట్లోనో చేసినా పనే.

పీఎల్‌ఎఫ్‌ఎస్ (పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే) అనే సర్వే 2017 ఏప్రిల్లో మొదలైంది. సాధారణ స్థితి (వారం కాకుండా గడిచిన ఏడాది లెక్క) ప్రకారం 15 ఏళ్ళు పైబడినవాళ్ళలో నిరుద్యోగిత 2017-18లో 6 శాతం, 2023-24లో 3.2. అదే కాలంలో ఆడవాళ్ళ భాగస్వామ్యం 23.3 శాతం నుంచి 41.7కి పెరిగింది. ఇది మంచి వార్తేనా అని ఆర్థికవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, ఎందుకంటే పెరిగినదాంట్లో పెద్ద భాగం స్వయం ఉపాధి, జీతం లేని ఇంటి పని సాయం. నా మటుకు నాకు సంఖ్య అబద్ధం అని కొట్టిపారేసేవాళ్ళ మీదా, సంఖ్య తగ్గింది కాబట్టి అంతా బాగుందనేవాళ్ళ మీదా సమానంగానే చిరాకు.

సహసంబంధం 0.9 వచ్చింది. ఒకటి రెండోదానికి కారణం అని రాసేయొచ్చా?

వద్దు. ఒక జిల్లాలో ఊళ్ళవారీగా బోర్ల సంఖ్యా, రైతుల అప్పూ తీసుకున్నారనుకోండి, రెండూ కలిసి పెరుగుతున్నాయి. బోరు వేయడానికి అప్పు చేశారా? అప్పు తీర్చాలంటే రెండో పంట కావాలని బోరు వేశారా? లేక వానల్లేక రెండూ జరిగాయా? మూడు కథలకీ అదే 0.9 వస్తుంది. ఏ కథ నిజమో గుణకం చెప్పదు, ఏ బోరు ఎప్పుడు వేశారు, అప్పు ఎప్పుడు తెచ్చారు అని మీరు కనుక్కోవాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఈ గుణకం సరళరేఖ సంబంధాన్నే కొలుస్తుంది. ఎరువు వేస్తుంటే దిగుబడి పెరిగి, మరీ ఎక్కువైతే తగ్గుతుంది, అక్కడ గుణకం సున్నాకి దగ్గరగా వచ్చినా సంబంధం గట్టిగానే ఉంది. రెండోది, ఏళ్ళ తరబడి పెరిగే ఏ రెండు అంకెల్ని తీసుకున్నా గుణకం ఎక్కువే వస్తుంది. ముందు గ్రాఫ్ గీయండి.

ప్రతిగమన రేఖ వచ్చింది, దాన్ని మాటల్లో ఎలా రాయాలి?

నెలసరి వినియోగం = 2000 + 0.8 × ఆదాయం అని వచ్చిందనుకోండి. "ఆదాయం వంద రూపాయలు ఎక్కువున్న కుటుంబం సగటున 80 రూపాయలు ఎక్కువ ఖర్చు పెడుతోంది" అని రాయండి. మాక్రోలో చదివిన ఉపాంత వినియోగ ప్రవృత్తి ఇదే. 2000ని మాత్రం "ఆదాయం సున్నా అయినా 2000 ఖర్చు పెడతారు" అని ధైర్యంగా రాయకండి, మీ డేటాలో ఆదాయం సున్నా ఉన్న ఇల్లు ఒక్కటైనా ఉంటే తప్ప. పది వేల నుంచి యాభై వేల ఆదాయం ఉన్నవాళ్ళ డేటాతో గీసిన రేఖని కోటీశ్వరుడి దాకా సాగదీయడం కూడా అదే తప్పు. ఆర్-స్క్వేర్ (తేడాల్లో ఎంత భాగాన్ని రేఖ వివరించిందో చెప్పే సంఖ్య) 0.2 వచ్చిందని ఏడవక్కర్లేదు, మనుషుల డేటాలో అది మామూలే.

పీ-వాల్యూ 0.03 అంటే మన పరికల్పన నిజమయ్యే అవకాశం 97 శాతం అనా?

కాదు. శూన్య పరికల్పన, అంటే అసలు తేడా ఏమీ లేదు అనే ఊహ, నిజమే అయ్యుంటే, ఇంత తేడా లేదా ఇంతకంటే ఎక్కువ తేడా కనబడే అవకాశం 3 శాతం అని. ఈ వాక్యాన్ని యథాతథంగా బట్టీ పట్టండి, ఇక్కడ బట్టీ పట్టినా తప్పులేదు.

ఒక కెప్టెన్ పది టాస్‌లలో తొమ్మిదో పదో గెలిచాడు. నాణెం మంచిదే అయితే ఇలా జరిగే అవకాశం 1024లో 11, దాదాపు ఒక శాతం. నాణెంలో ఏదో ఉందని అనుమానించొచ్చు. కానీ వంద మంది కెప్టెన్లు తలా పది టాస్‌లు వేస్తే, అన్నీ మంచి నాణేలే అయినా, వాళ్ళలో ఎవరో ఒకరు ఇలా గెలవడం ఏమంత వింత కాదు. ఆ ఒక్కడినే పట్టుకొచ్చి చూపిస్తే పీ-వాల్యూకి అర్థం పోతుంది. ఇక 0.05 అనే గీత ఆర్.ఎ. ఫిషర్ (సూచీ ఫిషర్ వేరే ఆయన) 1925 నాటి పుస్తకంలో సౌకర్యం కోసం వాడింది, దేవుడు గీసింది కాదు.

ఆదాయాలు నార్మల్ వక్రరేఖలో ఉంటాయా?

ఉండవు. నార్మల్ అంటే రెండు పక్కలా సమానంగా దిగే గంట ఆకారం, ఆదాయాలకి కుడివైపు పొడుగు తోక ఉంటుంది, పైన చెప్పిన వీధిలా. నార్మల్‌కి దగ్గరయ్యేది ఆదాయం కాదు, పెద్ద శాంపిల్స్ పదేపదే తీస్తే వచ్చే సగటులు. కేంద్ర అవధి సిద్ధాంతం చెప్పేది అదే, దీన్ని కలిపేసుకునేవాళ్ళు చాలామంది.

ప్రాజెక్టుకి నిజమైన డేటా ఎక్కడ దొరుకుతుంది?

కేంద్ర గణాంక శాఖ వాళ్ళ ఈ-సాంఖ్యికీ పోర్టల్, రిజర్వ్ బ్యాంక్ డేటాబేస్, జనాభా లెక్కల సైట్. మన రాష్ట్రాలకైతే ఆంధ్రప్రదేశ్ సామాజిక ఆర్థిక సర్వే, తెలంగాణ సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్. అన్నీ ఉచితం. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనికలు చదవకుండా అంకెలు ఎత్తుకోకండి, తాత్కాలిక అంచనానా తుది అంచనానా అనేది అక్కడే ఉంటుంది.

ఎక్సెల్ వస్తే చేత్తో చేయడం నేర్చుకోవాలా?

పరీక్షలో ఎక్సెల్ ఇవ్వరు. అదొక్కటే కారణం కాదనుకోండి, పది సంఖ్యలకి ఒకసారి చేత్తో విచలనం కట్టినవాళ్ళకి ఎక్సెల్ తప్పు జవాబు ఇస్తే అనుమానం వస్తుంది. దాంట్లో విచలనానికి రెండు ఫార్ములాలుంటాయి, చివర ఎస్ ఉన్నది శాంపిల్‌కి, పీ ఉన్నది మొత్తం సమూహానికి.

రేపే ఇంటర్నల్. ఏమీ చదవలేదు. ఏం చేయను?

ఒక పట్టికకి సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం మూడూ చేయండి. లాస్పియర్, పాషే ఒక్కో లెక్క. సహసంబంధ గుణకం ఒకటి. ప్రతి జవాబు కింద దాని అర్థం ఒక వాక్యంలో రాయండి, ఏ కొలతలో ఉందో కూడా: రూపాయలా, శాతమా, పాయింట్లా. ఇవి రెండు మూడు గంటల్లో అయిపోతాయి. కాలిక్యులేటర్ బ్యాటరీ ఒకసారి చూసుకుని పడుకోండి.